మిత్రుడిలా వచ్చే అక్షరం

(చెన్నై పెరంబూరులో తెలుగువాళ్ల నెలవారీ కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు నమస్కారం.

మా అమ్మ పేరు కృష్ణవేణి. మాది ఉయ్యూరు దగ్గర ఒక పల్లె. నాన్న ఉద్యోగం కోసం మద్రాసు వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఊళ్లో ఉన్నంతకాలం అమ్మను ఎవరూ కృష్ణవేణి అని పిలవలేదు. మా మేనత్తలు, ఇరుగుపొరుగు, తాతయ్య, అందరికీ ఆమె "కిష్టవేణి". ఇక్కడికి వచ్చాక ఒక కార్డులో పేరు తమిళంలో రాశారు. ఆ తమిళాన్ని చూసి మరెవరో ఇంగ్లీషులోకి దించారు. అలా ఒక కాగితంలో అమ్మ "కిరుష్ణవేణి" అయింది. నాన్న పోయాక పెన్షన్ కోసం కాగితాలు పెడితే, ఒక ఆఫీసులో "కృష్ణవేణి, కిరుష్ణవేణి ఒకరేనని రుజువు పట్టుకు రండి" అన్నారు. నాలుగు నెలలు తిరిగాం. అఫిడవిట్లు, సాక్షి సంతకాలు, ఫొటోలు, క్యూలు. ఇదంతా పేరులో ఒక్క అచ్చు ఎక్కువైనందుకు.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం అమ్మ అడిగింది: "నా పేరులోకి ఆ అక్షరం ఎక్కడినుంచి వచ్చిందిరా?" నేను తెలుగు పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ని. అయినా "వాళ్లకు ఒత్తులు లేవులేమ్మా" అని ఊరుకున్నాను. అది సగం జవాబు కూడా కాదు. మిగతా జవాబు వెతుక్కుంటూ పోతే మన నోటి గురించి, చెవి గురించి చాలా సంగతులు తెలిశాయి. ఇవాళ మీతో చెప్పుకోవాలనుకున్నది అదే.

వ్యాకరణం చదువుకున్నవాళ్లకు ఒక పాత మాట గుర్తుండే ఉంటుంది. "శత్రువదాదేశః, మిత్రవదాగమః" అంటారు. ఆదేశం శత్రువులా వస్తుంది, ఉన్న అక్షరాన్ని వెళ్లగొట్టి దాని చోట కూర్చుంటుంది. ఆగమం మిత్రుడిలా వస్తుంది, ఎవర్నీ లేపదు, పక్కన చోటు చూసుకుని కూర్చుంటుంది. ఈ మాటంటే నాకు ప్రాణం. మాటలోకి కొత్తగా చేరిన శబ్దాన్ని మన పెద్దలు కల్తీ అనలేదు, మిత్రుడన్నారు. హంస అనే మాట "హస్" ధాతువులోకి ఒక వర్ణం వచ్చి చేరడంవల్ల పుట్టిందని, సింహం "హింస"లోని అక్షరాలు తారుమారై పుట్టిందని చెప్పే పాత శ్లోకం కూడా ఉంది. ఈనాటి భాషాశాస్త్రం హంసకు ఆ పుట్టుక ఒప్పుకోదు. లాటిన్‌లో అదే పక్షి జాతికి "అన్సర్", జర్మన్‌లో "గాన్స్" అంటారు కాబట్టి ఆ నకారం మొదటినుంచీ ఉన్నదే. కానీ మాటల మధ్యలో శబ్దాలు వచ్చి చేరతాయని, దానికో పేరు పెట్టాలని అంత పాతకాలంలోనే గమనించారు చూడండి, అది గొప్ప సంగతి.

ముందు కిష్టవేణి సంగతి చూద్దాం. అందరూ ఒకసారి ముక్కు రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని "కృష్ణ" అనండి. మొహమాటపడకండి, పిల్లలు ఎలాగూ మొదలుపెట్టేశారు. ఏమైంది? ణకారం ణకారంలా రాలేదు. డకారమో టకారమో అయింది. ఇప్పుడు ముక్కు వదిలేసి, మెల్లగా "ష్... ణ" అని పలికి చూడండి. ష పలికేటప్పుడు గాలి నోటినుంచి బుస్సుమని పోతుంది, నాలుక అంగిలికి పూర్తిగా అంటదు, ముక్కుదారి మూసి ఉంటుంది. ణ పలకాలంటే రెండు పనులు ఒకే క్షణంలో జరగాలి. నాలుక పైకి అంటుకోవాలి, ముక్కుదారి తెరుచుకోవాలి. కొండనాలుక వేలాడే మెత్తటి భాగం ఉంది కదా, ముక్కుదారికి అదే తలుపు. ఆ తలుపు ఏ కాస్త ఆలస్యంగా తెరుచుకున్నా, నాలుక అప్పటికే అంటుకుని ఉంటుంది కాబట్టి, గాలి ఎటూ పోలేక రెప్పపాటు ఆగుతుంది. ఆ ఆగడమే టకారం. ఎవరూ కావాలని పెట్టింది కాదు. కృష్ణ, కృష్ట్‌ణ, కిష్ట అని ఆ దారిన నడిచింది. కిష్టయ్య, కిష్టప్ప, కిష్టమ్మ, కిట్టయ్య అందరూ ఆ దారిలో వచ్చినవాళ్లే.

దీనికి అచ్చులో సాక్ష్యం కూడా ఉంది. తెల్లదొరల కాలం నాటి రికార్డుల్లో, మ్యాపుల్లో మా జిల్లా పేరు, మా నది పేరు ఇంగ్లీషులో "కిస్ట్నా" అని ఉంటుంది. కె, ఐ, ఎస్, టి, ఎన్, ఎ. మధ్యలో ఆ టి అక్షరం చూడండి. అది చూసి దొరలకు మన మాట పలకడం రాలేదని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. వాళ్లు విన్నది రాసుకున్నారు. మా మేనత్తల నోట ఉన్న టకారమే సర్కారు కాగితంలో కూర్చుంది.

ఇంగ్లీషువాళ్ల సొంత మాటల్లోనూ ఇదే జరిగింది. థామ్ కొడుకు అనే అర్థంలో పుట్టిన ఇంటిపేరు థామ్సన్, అది థాంప్సన్ అయింది. ఆ పకారం మనం చెప్పుకున్న టకారానికి అన్న. ఉరుముకు పాత ఇంగ్లీషులో "థునోర్" అనేవారు, డకారం చేరి థండర్ అయింది. లాటిన్ "నుమెరుస్" ఫ్రెంచి మీదుగా వచ్చేసరికి బకారం చేరి నంబర్ అయింది. మన దేశంలో ఆమ్రం ప్రాకృతంలో "అంబ" అయింది, మరాఠీవాళ్లు ఇప్పటికీ ఆంబా అంటారు. మకారం నుంచి రకారానికి వెళ్లే దారిలో పెదవులు విడిపోయే లోపల ముక్కు మూసుకుపోతే బకారం వస్తుంది. తర్వాత రకారం జారిపోయింది, వచ్చిన మిత్రుడు మాత్రం ఉండిపోయాడు.

మనకు బాగా దగ్గరిది సింహం. పల్లెల్లో సింగం అంటారు, నరసింహం నరసింగం అవుతాడు, నరసింగరావు అవుతాడు. చెంగల్పట్టు లోకల్ ట్రైన్ ఎక్కినవాళ్లకు సింగపెరుమాళ్ కోయిల్ స్టేషన్ తెలుసు. ఆ సింగపెరుమాళ్ ఎవరు? నరసింహస్వామే. అనునాసికం నుంచి హకారానికి దాటేచోట గకారం వచ్చి నిలబడింది, హకారం తప్పుకుంది.

ఇక రెండోది, కిరుష్ణవేణి. ఇందులో చేరింది హల్లు కాదు, అచ్చు. మాట మొదట్లో రెండు హల్లులు గుద్దుకుంటే తమిళం ఓర్చుకోదు, మాట మధ్యలో కూడా కొన్ని జంటల్ని ఓర్చుకోదు. మధ్యలో ఒక అచ్చు వేసి విడదీస్తుంది. చంద్రన్ చందిరన్ అవుతాడు, ప్రకాశం పిరకాశం అవుతుంది, రత్నం రత్తినం అవుతుంది. తిరునెల్వేలి వైపు పారే తామ్రపర్ణిని తామిరపరణి అంటారు, ఆ ఒక్క పేరులో రెండు చోట్ల అచ్చు చేరింది. దీన్ని స్వరభక్తి అంటారు. ఈ పేరు ఎక్కడిదనుకున్నారు? వేదం ఎలా పలకాలో చెప్పే ప్రాతిశాఖ్యాల నుంచి వచ్చింది. రేఫ, అంటే రకారం, తర్వాత శ, ష, స, హ వస్తే మధ్యలో పూర్తి అచ్చు కాని సన్నని అచ్చు తునక ఒకటి పలకాలని వాటిలో ఉంది. భక్తి అంటే అక్కడ భాగం, ముక్క అని అర్థం. అంత నియమంగా వల్లించే వేదంలోనే ఆ తునకకు చోటు ఉందంటే, మా అమ్మ పేరులో చేరిన అచ్చును అంత తప్పుగా చూడాలా?

పోనీ తమిళంవాళ్లను పక్కన పెడదాం, మనం మాత్రం తక్కువా? రత్నాలను రతనాలు అని కూడా అంటాం. చంద్రుడు చందురుడు అయ్యాడు. శ్రీ సిరి అయింది, లక్ష్మి లచ్చిమి అయింది. ఈ మాటల్లో ఒక ముచ్చటైన సంగతి ఉంది. చేరిన అచ్చు ఏదో ఒక అచ్చు కాదు, పక్కింటి అచ్చును చూసి దాని పోలికలే తెచ్చుకుంటుంది. రతనంలో అటూ ఇటూ అకారం ఉంది, మధ్యలో అకారమే వచ్చింది. చందురుడులో తర్వాత రు ఉంది, ఉకారం వచ్చింది. సిరిలో తర్వాత రి ఉంది, ఇకారం వచ్చింది. చదువురాని నోరు చేసిన పని అంటారు కొందరు. ఇంత లెక్క ప్రకారం జరిగే పనిని చదువురానితనం అని ఎలా అంటాం?

తమిళంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. తమిళుల పాత వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియం లెక్క ప్రకారం తమిళ మాట రకారంతోగాని లకారంతోగాని మొదలుకాకూడదు. అందుకని రాముడు ఇరామన్, లోకం ఉలగం, శ్రీరంగంలోని రంగం తిరువరంగంలో అరంగం. మన రాయపేట బోర్డు మీద తమిళంలో చూడండి, ఇరాయప్పేట్టై అని ముందు ఇకారం పెట్టి రాస్తారు. ఇక్కడ అచ్చు మధ్యలోకి రాలేదు, గుమ్మం ముందు నిలబడింది.

ఆ గుమ్మం దగ్గరే నాకు చాలా బాధ కలిగించే మాట ఒకటి ఉంది. ఇస్కూలు.

నేను పనిచేసిన ఒక బడిలో ఒక పిల్లవాడు "ఇస్కూలు" అన్నాడని క్లాసులో నిలబెట్టి యాభైసార్లు "స్కూలు" అనిపించారు. మిగతా పిల్లలు నవ్వుతుంటే వాడు లెక్కపెట్టుకుంటూ అన్నాడు. నేను పక్క క్లాసులో ఉన్నాను, నాకు వినిపిస్తూనే ఉంది. యాభైయో సారి కూడా వాడు ఇస్కూలనే అన్నాడు. నేను లేచి వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఏం చెప్పేవాణ్నో ఇప్పుడు మీకు చెబుతాను.

స్కూలు అనే మాట లాటిన్‌లో "స్కోలా". అదే లాటిన్ స్పెయిన్ చేరి "ఎస్కువేలా" అయింది, పోర్చుగల్‌లో "ఎస్కోలా" అయింది, ఫ్రాన్సులో "ఎస్కోల్" అయి, తర్వాత సకారం పోయి "ఎకోల్" అయింది. అంటే మూడు దేశాల పిల్లలు రోజూ వెళ్లేది ఇస్కూలుకే. అక్కడి రాజులూ కవులూ ఆ అచ్చుతోనే మాట్లాడారు, రాశారు. మన ఇళ్లలో బట్టలకు చేసే ఇస్త్రీ చూడండి. సాగదీయడం అనే అర్థమున్న పోర్చుగీసు "ఎస్తిరార్" నుంచి వచ్చిందంటారు. ఇస్త్రీలోని ఇకారాన్ని ఎవరూ వేలెత్తి చూపరు. ఇస్కూలులోని ఇకారాన్ని మాత్రం నిలబెట్టి యాభైసార్లు కొట్టేయిస్తారు.

సకారం ముందే ఇకారం ఎందుకు నిలబడుతుంది, మధ్యలోకి ఎందుకు రాదు అని మీరు అడగొచ్చు. గ్లాసు గిలాసు అవుతుంది, బ్లేడు బిలేడు అవుతుంది, బ్రేకు బిరేకు అవుతుంది, వాటిలో అచ్చు మధ్యలోకే వస్తోంది. స్కూలు, స్టాంపు లాంటి వాటిలో మాత్రం ముందుకు వస్తోంది. గ, బ పలికి వదలగానే ల, ర ల వైపు గొంతు తెరుచుకుంటూ పోతుంది, ఆ తెరుచుకునే దారిలో ఒక అచ్చు ఇమిడిపోతుంది. స, క సంగతి అలా కాదు. సకారం బుస కొడుతూ ఉండగానే నోరు ఒక్కసారి మూసుకుంటుంది. ఆ రెండూ బాగా అతుక్కున్న జంట, విడదీస్తే మాట పోలిక మారిపోతుంది. అందుకే చాలా భాషలు ఆ జంటను విడదీయకుండా ముందు ఒక మెట్టు కడతాయి. విడదీసేవాళ్లూ లేకపోలేదు, పంజాబీవాళ్లు "సకూల్" అంటారు. మన పల్లెల్లో మూడో దారి కూడా ఉంది, స్టేషన్‌ను టేసను అంటారు, సకారాన్నే వదిలేస్తారు.

ఆ పిల్లవాడు యాభైసార్లు అన్నా ఎందుకు మారలేదు? మొండితనం అనుకున్నారు అప్పుడు. 1999లో ఎమ్మాన్యుయెల్ డుపూ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు జపాన్‌వాళ్ల మీద, ఫ్రెంచివాళ్ల మీద చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. "ఎబుజో" లాంటి అర్థంలేని మాట రికార్డు చేసి, మధ్యలోని ఉకారాన్ని కొంచెం కొంచెంగా కత్తిరిస్తూ చివరికి అచ్చే లేని "ఎబ్జో" దాకా తీసుకొచ్చి వినిపించారు. ఫ్రెంచివాళ్లు అచ్చు పోయిందని గుర్తుపట్టారు. జపాన్‌వాళ్లలో చాలామందికి, అచ్చు పూర్తిగా తీసేసిన తర్వాత కూడా, ఉకారం వినిపించింది. వాళ్ల భాషలో అలాంటి జంట హల్లులు పక్కపక్కన రావు కాబట్టి చెవే ఒక అచ్చును వేసుకుంది. బస్సును "బసు" అని, మెక్‌డొనాల్డ్స్‌ను "మకుదోనరుదో" అని అనే జనం మరి.

ఈ ప్రయోగం గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లవాడికి టీచరు అన్న స్కూలు, తాను అన్న ఇస్కూలు ఒకేలా వినిపించి ఉండొచ్చు కదా అనిపించింది. తాను సరిగ్గానే అంటున్నాననుకుంటూ యాభైసార్లు అని ఉంటాడు. ఎందుకు నవ్వుతున్నారో కూడా వాడికి తెలిసి ఉండదు. ఇంట్లో అమ్మానాన్నలు ఇస్కూలు అంటుంటే ఆ చెవి అలా తయారవుతుంది. దాన్ని మార్చవచ్చు. మెల్లగా, "స్స్" అని పాము బుసలా సాగదీయించి, ఆ బుస చివర "కూలు" కలిపిస్తే పిల్లలు వారంలో పట్టుకుంటారు. తర్వాత నేను అలాగే నేర్పాను. ఇంటర్వ్యూల్లో నవ్వుతారు కాబట్టి నేర్పాలి కూడా. అయితే నేర్పేటప్పుడు ఇంట్లో మీ అమ్మ అనేది తప్పు అని మాత్రం ఏనాడూ చెప్పలేదు.

ఇప్పుడు ఎవరూ నవ్వని ఆగమం ఒకటి చెబుతాను. ఎందుకంటే అది మనమందరం చేస్తాం, ఎంత చదువుకున్నవాళ్లమైనా. మాట చివర ఉకారం.

మీకందరికీ తమిళం వచ్చు కాబట్టి ఇది తేలిక. తమిళంలో కణ్, మనకు కన్ను. మణ్, మన్ను. విల్, విల్లు. ముళ్, ముల్లు. ఇవి పొట్టి అచ్చున్న మాటలు, చివరి హల్లును రెట్టించి ఉకారం పెట్టాం. ఇప్పుడు పొడుగు అచ్చు. కాల్, కాలు. పాల్, పాలు. పేర్, పేరు. ఊర్, ఊరు. వీటిలో రెట్టింపు లేదు, ఉకారం ఒక్కటే. ఇక యకారంతో ముగిసేవి, నెయ్, నెయ్యి. అక్కడ ఉకారం కాదు, ఇకారం వచ్చింది, యకారానికి అదే చుట్టం కనుక.

ఇది ఎన్నో వందల ఏళ్ల నాటి పద్ధతి. ఇప్పుడు ఇంగ్లీషు మాటలు అదే గుమ్మంలోంచి ఎలా లోపలికి వచ్చాయో వినండి. పెన్ అనే మాట కన్నులాగా పెన్ను అయింది. బిల్ విల్లులాగా బిల్లు అయింది. సెల్ ముల్లులాగా సెల్లు అయింది. బస్సు, కప్పు, నట్టు, పిన్ను అన్నీ ఆ వరసే. కార్ మాత్రం పేరులాగా కారు అయింది, కార్రు కాలేదు. గేటు, నోటు, టైరు, ఫోను, స్కూలు, అన్నీ పొడుగు అచ్చులే, ఏదీ రెట్టించలేదు. రోడ్డు మాత్రం ఈ లెక్కకు లొంగలేదు, పొడుగు అచ్చు ఉండి కూడా డకారం రెట్టించింది. చకారం, జకారం చివర ఉంటే నెయ్యిలోలాగా ఇకారం వస్తుంది. బెంచి, బ్రిడ్జి, కాలేజి, గ్యారేజి. ఏ పండితుడూ కూర్చుని ఈ సూత్రాలు చెప్పలేదు. బళ్లు తోలేవాళ్లు, మెకానిక్కులు, కూరగాయలమ్మే అమ్మలు తేల్చేశారు. అందులో తప్పు వెతుకుదామన్నా రోడ్డు తప్ప నాకు పెద్దగా దొరకలేదు.

ఇంకో విశేషం. ఈ ఉకారం అవసరం లేనిచోట ఉండదు. బస్సు ఎక్కు అనేది బస్సెక్కు అవుతుంది. పెన్ను ఇవ్వు, పెన్నివ్వు. కారు ఆపు, కారాపు. ఇది ఉత్వసంధి. ఇంగ్లీషు మాటకు ఉత్వసంధి చేస్తున్నాం, అదీ ఆలోచించకుండా. స్కూలుకు బహువచనం స్కూళ్లు, హోటలుకు హోటళ్లు, కాలుకు కాళ్లులాగే. ఇంగ్లీషులో లేని ళకారాన్ని ఆ మాటలకు ఇచ్చాం. ఒక్క ఉకారం వచ్చి పక్కన కూర్చోబట్టి ఆ మాట మన సంధులు నేర్చుకుంది, మన బహువచనం తొడుక్కుంది. మిత్రుడు అన్నది ఇందుకే.

ఇక మూడో రకం, అచ్చుకూ అచ్చుకూ మధ్యలో వచ్చే యకార వకారాలు. ఇక్కడినుంచి కడప వైపు రైలెక్కితే ఒంటిమిట్ట వస్తుంది, ఎర్రగుంట్ల వస్తుంది. స్టేషన్ బోర్డు మీద తెలుగు పక్కనే ఇంగ్లీషు చూడండి. ఒంటిమిట్టకు ముందు వి అక్షరం, ఎర్రగుంట్లకు ముందు వై అక్షరం ఉంటాయి. మా ఉయ్యూరూ అంతే, ఇంగ్లీషులో వి తోనే మొదలవుతుంది. ఒకారం, ఉకారం పలకడానికి పెదవులు గుండ్రంగా ముందుకు వస్తాయి, వాటితోపాటు వకారం తోసుకొస్తుంది. ఎకారం, ఇకారం పలకడానికి నాలుక ముందుకు లేస్తుంది, దానితో యకారం వస్తుంది. మన పాత ఉత్తరాల్లో "వున్నాము", "యెక్కడ", "యిల్లు" అని ఉండేది. పెద్దవాళ్లకు రాయడం రాక కాదు, పలికినట్టు రాసుకున్నారు. "మా ఊరు" అని రాసి "మావూరు" అని చదివే మనకు ఇది తెలియనిది కాదు.

ఈ సూత్రాన్ని తమిళంవాళ్లు ఉడంబడుమెయ్ అంటారు, కన్నడంవాళ్లు యకారాగమం, వకారాగమం అని బళ్లో చెప్పుకుంటారు. మనం యడాగమం అంటాం. సంధి జరగని చోట అచ్చు తర్వాత అచ్చు వస్తే మధ్య యకారం వస్తుంది, మాయమ్మ, మీయిల్లు. ఈ సూత్రం తెలుగు పిల్లలందరూ నేర్చుకునే రూపంలో పెట్టింది పరవస్తు చిన్నయసూరి. ఆయన ఈ ఊళ్లోనే, ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులుగా పనిచేశారు. బాలవ్యాకరణం 1858లో వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పిల్లలు ఇవాళ్టికీ వల్లించే ఆగమ సూత్రాలు మద్రాసు గాలిలో తయారయ్యాయి. తెలుగు తమ ఊరి భాష కాదేమో అనుకునే మన పిల్లలకు ఈ మాట చెప్పండి.

యడాగమం ఒక్కటే కాదు. పేద, ఆలు కలిస్తే మధ్యలో రకారం వచ్చి పేదరాలు అవుతుంది, దీన్ని రుగాగమం అంటారు. నిగ్గు, అద్దం కలిస్తే టకారం వచ్చి నిగ్గుటద్దం. ఇంగ్లండులో చాలామంది "లా అండ్ ఆర్డర్" అనే మాటను "లారండ్ ఆర్డర్" అని పలుకుతారు, రాతలో లేని రకారం రెండు అచ్చుల మధ్యలో వచ్చి కూర్చుంటుంది. అది వాళ్ల రుగాగమం.

ఒక జాగ్రత్త చెప్పాలి. మధ్యలో కనిపించిన ప్రతి శబ్దమూ కొత్తగా చేరింది కాదు. ఇంగ్లీషులో యాపిల్ ముందు "యాన్" అంటాం, అచ్చు ముందు నకారం చేర్చారని బళ్లో నేర్పుతారు. చరిత్ర తిరగేస్తే అది ఒకటి అనే అర్థమున్న పాత మాటలోని నకారం, మొదటినుంచీ ఉన్నదే. హల్లు ముందు అది పోయింది, అచ్చు ముందు మిగిలింది. కాబట్టి ఆగమం అనిపించేది ఒక్కోసారి ఇంట్లో పాత మనిషే.

ఇప్పుడు ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

ఆ అన్నయ్య అడుగుతున్నారు, ఇప్పటి పిల్లలు బస్ అంటున్నారు, కార్ అంటున్నారు, ఉకారం పోతోందా అని. విడిగా అంటే పోతోంది, నేనూ విన్నాను. కానీ ఆ పిల్లల్నే రెండు బస్ అనమనండి, బస్సులు అంటారు. ఎక్కడున్నావు అని ఫోనులో అడగండి, బస్సులో అంటారు. మాట చివర తీసేసిన ఉకారం, దానితో వచ్చిన రెట్టింపు సకారం, లోపల అలాగే ఉన్నాయి. వాటిని కూడా వదిలేసిన రోజున వేరే మాట్లాడుకుందాం. ఇంకో సంగతి, తెలుగు అచ్చుల్ని చేర్చడమే కాదు, తీసేస్తుంది కూడా. ఇంటిలో అనేది ఇంట్లో, ఊరులు ఊళ్లు, కారులో కార్లో. తీయడం, పెట్టడం రెండూ ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి.

అమ్మా, మీరు చెప్పండి. మూడేళ్ల పాప స్కూలును "కూలు" అంటుంది, ప్లేటును "పేటు" అంటుంది, ఇస్కూలు కూడా అనడంలేదు, ఏమైనా లోపమా అని అడుగుతున్నారు. లోపం కాదమ్మా. పెద్దవాళ్లు కొత్త జంట హల్లు ఎదురైతే అచ్చు చేర్చుకుంటారు. చిన్నపిల్లలు ఎక్కువగా ఒక హల్లును వదిలేస్తారు. వాళ్ల నోటికి అదే సులువు. దాదాపు అన్ని భాషల పిల్లలూ ఈ దారిలోనే నడుస్తారు, ఇంకో రెండేళ్లలో దానంతట అదే సర్దుకుంటుంది. చెప్పింది వినకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా మాత్రం డాక్టరుకు చూపించండి. అది వేరే సంగతి.

ఆమె మీకు ఏమవుతుందన్నారు? మనవరాలు. చూశారా, మనుమ, ఆలు, మధ్యలో ఆ రకారం, సూరిగారి రుగాగమం. వచ్చే నెల ఆ పాపను కూడా తీసుకురండి, "కూలు" అంటుంటే నాకూ వినాలని ఉంది.